వంటల రచయిత టీవీ తెరకెక్కితే ఏం మారుతుంది?

పుస్తకాలూ పత్రికల్లో శీర్షికలూ రాసుకునే వంటల రచయిత ఒకరు హఠాత్తుగా టీవీలో గరిటె పట్టుకుని కనబడితే చూసేవాళ్లకు వరసగా సందేహాలు మొదలవుతాయి. ఈవిడ నిజంగా వండుతోందా, వెనకాల ఇంకెవరైనా వండిపెడుతున్నారా? మూడు గంటలు ఉడకాల్సింది అరగంటలో ఎలా అయిపోయింది? హోటల్లో ఒక్కరోజూ పనిచేయని మనిషి వంట నేర్పడమేమిటి? ఈ ప్రశ్నలు ఒకదానిలో ఒకటి చిక్కుకుని ఉన్నాయి. విడదీయాలంటే ముందు ఎవరి పని ఏమిటో తేల్చుకోవాలి.

చెఫ్, రచయిత, యాంకర్: ఎవరి పని ఏది

చెఫ్ ఒక వంటింటిని నడుపుతాడు. తన పొయ్యి, తన సరుకు, తన మనుషులు. ఒకే వంటకం ఈ పూటా రేపూ ఒకే రుచితో బయటికి రావాలి. అదే ఆయన నైపుణ్యానికి కొలత.

వంటల రచయిత పరిస్థితి దీనికి పూర్తిగా తలకిందులు. తాను ఎన్నడూ చూడని వంటింట్లో, తెలియని పొయ్యి మీద, ముఖం ఎరగని మనిషి చేత వండించాలి. చేతిలో ఉన్నవి మాటలు, కొలతలు మాత్రమే. పాఠకురాలి మూకుడు అడుగంటుతుంటే పక్కన నిలబడి మంట తగ్గించమని చెప్పే వీలు లేదు. ఆ సంగతి ముందే ఊహించి వాక్యంలో పెట్టాలి.

యాంకర్ అన్న మాటను మనం రెండు రకాలుగా వాడతాం. వండేవారి పక్కన నిలబడి అడిగేవారూ యాంకరే, తానే వండుతూ చెప్పేవారూ యాంకరే. ఈ వ్యాసంలో చర్చ రెండో రకం గురించి. వాళ్లు మాట, చెయ్యి, గడియారం మూడింటినీ ఒకేసారి సంబాళించాలి.

వీళ్లు కాక, పేరు తెరమీద ఒక్క క్షణం మాత్రమే కనబడే మనుషులున్నారు. సరుకు కొని, కోసి, కొలిచి, సగం వండిన గిన్నెలు సిద్ధంగా ఉంచేవారిని బ్రిటన్‌లో హోమ్ ఎకనామిస్ట్ అంటారు. కెమెరాకు వంటకాన్ని ముస్తాబు చేసేవారు ఫుడ్ స్టైలిస్ట్. రెండు పనులూ ఒకరే చేయడం కూడా మామూలే. వీళ్లు ఉన్నంత మాత్రాన యాంకర్‌కు వంట రాదని అర్థం కాదు. ఎందుకన్నది గిన్నెల లెక్క చూస్తే తెలుస్తుంది. అది కాసేపట్లో.

కాగితం మీద వంటకం ఎలా నిలబడుతుంది

రచయిత అసలు పనితనం పరీక్షలో ఉంటుంది. తాను వండి బాగుందనుకున్న వంటకాన్ని రాసేసి పంపితే అది సగం పనే. రాసిన కాగితం మాత్రమే ఇచ్చి, ఏ వివరణా ఇవ్వకుండా, వేరొకరి చేత వండించాలి. వాళ్లు ఎక్కడ ఆగారు, ఎక్కడ అడగబోయారు అన్నదే చూడాలి. లోపాలు ఎక్కువగా మూడు చోట్లే బయటపడతాయి.

మొదటిది కొలత. ఒక టీస్పూన్ మెత్తటి ఉప్పు సుమారు 6 గ్రాములు తూగుతుంది. అదే స్పూనుతో గరుకు ఉప్పు తీస్తే రకాన్ని బట్టి అందులో సగమే ఉండొచ్చు. కప్పు పిండి కూడా అంతే: వదులుగా పోస్తే 120 గ్రాముల దగ్గర, కప్పును పిండిలో ముంచి తీస్తే 150 దాకా వస్తుంది. కేకు గట్టిపడటానికి ఆ తేడా చాలు.

రెండోది పరిమాణం. నలుగురికి రాసిన వంటకాన్ని ఎనిమిదిమందికి చేసేటప్పుడు సరుకు రెట్టింపు అవుతుంది కానీ మూకుడు అడుగు రెట్టింపు కాదు. వేపుడు కాస్తా ఉడుకుగా మారుతుంది. మూడోది గుర్తు: ‘పది నిమిషాలు వేయించండి’ అన్నది ఒక్కో పొయ్యి మీద ఒక్కోలా పనిచేస్తుంది. ‘అంచులు గోధుమరంగుకు తిరిగి, నూనె పక్కలకు తేలేదాకా, సుమారు పది నిమిషాలు’ అంటే ఎక్కడైనా పనిచేస్తుంది. సమయం కన్నా గుర్తు ముఖ్యం. ఈ ఒక్క అలవాటే తర్వాత కెమెరా ముందు రచయితను కాపాడుతుంది.

1962లో ఒక ఆమ్లెట్: జూలియా చైల్డ్ దారి

రచన నుంచి తెరకు వెళ్లినవారిలో అందరికన్నా స్పష్టంగా కనబడే ఉదాహరణ అమెరికాకు చెందిన జూలియా చైల్డ్. ఆమె 1949లో పారిస్‌లోని ల కార్దాన్ బ్లూ వంట పాఠశాలలో చేరింది. తర్వాత సిమోన్ బెక్, లూయిజెట్ బెర్తోల్‌లతో కలిసి అక్కడే చిన్న వంట బడి నడిపింది. ముగ్గురూ కలిసి రాసిన ‘మాస్టరింగ్ ది ఆర్ట్ ఆఫ్ ఫ్రెంచ్ కుకింగ్’ ఒక ప్రచురణ సంస్థ తిప్పి పంపాక, 1961లో నాఫ్ సంస్థ ద్వారా వెలువడింది. ఫ్రాన్స్‌లో దొరికే పిండీ, మాంసపు కోతలూ అమెరికాలో దొరికేవాటితో సమానం కావు. కాబట్టి ప్రతి వంటకాన్నీ అమెరికన్ సరుకుతో మళ్లీ వండి చూడాల్సి వచ్చింది. పుస్తకానికి దాదాపు పదేళ్లు పట్టడానికి అది ఒక పెద్ద కారణం.

1962లో బోస్టన్‌లోని డబ్ల్యూజీబీహెచ్ అనే ప్రభుత్వేతర, వాణిజ్యేతర టీవీ కేంద్రం ఆమెను పుస్తక సమీక్షా కార్యక్రమానికి పిలిచింది. మాట్లాడి రావడానికి బదులు ఆమె ఒక చిన్న విద్యుత్ పొయ్యి తెప్పించుకుని అక్కడే ఆమ్లెట్ వేసింది. ఇంకా చూపించమని ప్రేక్షకుల నుంచి ఉత్తరాలు వచ్చాయి. నిర్మాత రసెల్ మొరాష్ ఆధ్వర్యంలో మూడు నమూనా ఎపిసోడ్లు తీశారు. 1963 ఫిబ్రవరి 11న ‘ది ఫ్రెంచ్ చెఫ్’ మొదలైంది. కేంద్రం స్టూడియో 1961లో కాలిపోయి ఉండటంతో తొలి ఎపిసోడ్లను కేంబ్రిడ్జ్ విద్యుత్ కంపెనీవారి ప్రదర్శన వంటింట్లో తీశారు.

ఆమ్లెట్‌ను ఎంచుకోవడం గొప్ప తెలివి. మూకుడు సరిగ్గా కాగితే ఫ్రెంచి ఆమ్లెట్ అర నిమిషంలో అయిపోతుంది. మొదలు, నడుమ, చివర అన్నీ చూసేవారి కళ్లముందే జరుగుతాయి. దాచడానికి ఏమీ ఉండదు.

జూలియా గురించి ఒక పుకారు నేటికీ తిరుగుతోంది: కోడిని నేలమీద పడేసి, తీసి మళ్లీ పళ్లెంలో పెట్టిందని. అలాంటి ఎపిసోడ్ లేదు. జరిగింది వేరు. బంగాళాదుంపల రొట్టెను గాల్లోకి ఎగరేసి తిప్పబోతే కొంత పొయ్యి గట్టు మీద పడింది. దాన్ని తిరిగి మూకుట్లో వేసి, వంటింట్లో ఒంటరిగా ఉన్నప్పుడు ఎవరు చూస్తారన్నట్టుగా మాట్లాడింది. అది తీసేయకుండా ప్రసారం కావడానికి కారణం సాంకేతికం. ఆ రోజుల్లో వీడియో టేపును కోసి అతికించడం కష్టం, ఖర్చు. అందుకే ఎపిసోడ్‌ను ఆపకుండా, ప్రత్యక్ష ప్రసారంలాగే తీసేవారు. ఆ నిర్బంధమే ఆమెకు కలిసొచ్చిందని చెప్పాలి. తప్పు జరిగితే ఎలా సర్దుకోవాలో నేర్పే పాఠం అందులోంచే పుట్టింది.

మూడు గంటల కూర 28 నిమిషాల్లో: ఒక లెక్క

‘ది ఫ్రెంచ్ చెఫ్’ మొదటి ఎపిసోడ్ వంటకం బెఫ్ బుర్గిన్యోన్: బీఫ్‌ను ఎర్ర వైన్‌లో మెల్లగా ఉడికించే కూర. జూలియా పుస్తకంలోని కొలతల ప్రకారం 3 పౌండ్ల (సుమారు 1.36 కిలోల) మాంసం, 3 కప్పుల వైన్, 2 నుంచి 3 కప్పుల మాంసపు రసం, 18 నుంచి 24 చిన్న ఉల్లిపాయలు, ఒక పౌండు పుట్టగొడుగులు. ఓవెన్‌లో దాదాపు 160 డిగ్రీల సెల్సియస్ దగ్గర రెండున్నర నుంచి మూడు గంటలు. ఇలాంటి వంటకం అరగంట కార్యక్రమంలో ఎలా ఇముడుతుందో చూద్దాం. కింది విభజన ఆ ఎపిసోడ్‌ది కాదు, పద్ధతి అర్థం కావడానికి వేసిన లెక్క.

పరిచయానికి 2 నిమిషాలు. మాంసం కోయడం, తుడవడం 3. ఎర్రగా వేయించడం 5. కూరగాయలు, పిండి కలపడం 3. వైన్, రసం పోయడం 3. ఓవెన్‌లో పెట్టి ఉడికిన గిన్నె తీయడం 1. ఉల్లిపాయలు, పుట్టగొడుగులు 6. రసం వడకట్టి చిక్కబరచడం 3. వడ్డన 2. మొత్తం 28.

ఓవెన్‌లో పెట్టి, వెంటనే ఉడికినది బయటికి తీసే ఆ ఒక్క నిమిషాన్ని స్వాప్ అంటారు. దాని కోసం కనీసం నాలుగు గిన్నెలు కావాలి: పచ్చి మాంసం ఉన్నది, సగం వేగినది, పూర్తిగా ఉడికినది, వడ్డనకు సిద్ధమైనది. ఏదైనా మాడితే అక్కరకొచ్చేలా పచ్చి మాంసం ఇంకో జత ఉంచుతారు. అంటే ఇంట్లో ఒకసారి చేసే కూరకు నాలుగైదింతల సరుకు.

గడియారాన్ని వెనక నుంచి లెక్కపెట్టాలి. ఉడికిన గిన్నె 11.15కు ఓవెన్ నుంచి రావాలంటే, మూడు గంటలు తీసేస్తే 8.15కు లోపల ఉండాలి. కోసి వేయించడానికి గంట అనుకుంటే ఉదయం 7.15కు మాంసం బల్లమీద ఉండాలి. యాంకర్ అప్పుడు మేకప్‌లోనో స్క్రిప్టు చదువుతూనో ఉంటారు. తెరవెనుక బృందం అవసరమయ్యేది ఇక్కడే. వాళ్లు వండేది యాంకర్ రాసిన వంటకాన్నే, ఆయన చెప్పిన కొలతల్లోనే. ఒకే సమయంలో ఒకే మనిషి నాలుగు దశల్లో ఉండలేడు కాబట్టి ఈ ఏర్పాటు. వడ్డన గిన్నెను ముందురోజే చేసి ఉంచవచ్చు. ఇలాంటి కూరల రుచి మర్నాటికి చెడదు, పైగా పెరుగుతుంది.

స్వాప్ ఎక్కడ చెడుతుందంటే పోలికల దగ్గర. రెండు గిన్నెలూ ఒకే రకంవి కావాలి, ముక్కలు ఒకే సైజులో ఉండాలి. మూడు గంటలు ఉడికిన గిన్నెలో రసం తగ్గి ఉండాలి. నిండుగా కనబడితే చూసేవారికి వెంటనే అనుమానం వస్తుంది. గిన్నె ముందే తీసి పక్కన పెడితే ఆవిరి రాదు, కాబట్టి షాట్‌కు ముందు మళ్లీ వేడిచేయాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఆ ఐదు నిమిషాల వేపుడు. మాంసం తడిగా ఉంటే ఎర్రబడదని జూలియా పుస్తకంలో గట్టిగా చెబుతుంది. కారణం సులువు. నీరున్నంతసేపూ పైభాగం 100 డిగ్రీలు దాటదు. ఆ రంగూ రుచీ రావడానికి సుమారు 140 డిగ్రీలు కావాలి. మూకుట్లో ముక్కలు కిక్కిరిస్తే కారిన నీరు ఆవిరిగా పోయే చోటు లేక మాంసం బూడిదరంగులో ఉడుకుతుంది. మొత్తం మాంసాన్ని విడతలుగా వేయించడానికి ఇంట్లో పాతిక నిమిషాలైనా పడుతుంది. తెరమీద చూపించేది ఒక విడత, అది కూడా కొంతే. మిగిలిన ఇరవై నిమిషాలను మాటల్లో చెప్పకపోతే, చూసినవాళ్లు ఇంట్లో అంతా ఒకేసారి కుమ్మరిస్తారు. కూర చెడుతుంది. తప్పు వాళ్లది కాదు.

ఉల్లిపాయల విషయంలో ఈ మోసం మరీ ఎక్కువ. ముదురు గోధుమరంగు రావడానికి నెమ్మది మంట మీద అరగంట పైనే పడుతుంది. తెరమీద దృశ్యాన్ని ఒక్కచోట కత్తిరించడంతో రెండు క్షణాల్లో అయిపోతుంది. మంచి యాంకర్ ఆ కత్తిరింపు దగ్గర ‘ఇది ముప్పావు గంట వేగింది’ అని నోటితో చెబుతారు. రచనలో ‘సమయం కన్నా గుర్తు’ అని నేర్చుకున్నవాళ్లు ఈ మాట మరిచిపోరు. వాళ్లకీ, అందంగా మాట్లాడటం మాత్రమే వచ్చినవాళ్లకీ తేడా నాకైతే ఇక్కడే తెలుస్తుంది.

స్టూడియో పొయ్యి దగ్గర ఏం చెడుతుంది

పొగ లాగే ఫ్యాన్ చప్పుడు మైకులో పడుతుంది కాబట్టి షాట్ సమయంలో ఆపేస్తారు. దాంతో పొగ పేరుకుంటుంది. పరిచయ వాక్యాలు సాగుతుంటే ఖాళీ మూకుడు కాగిపోయి, ఉల్లిపాయ పడగానే మాడుతుంది. అందుకే మాటలు ముగియడానికి ఎంతసేపు ముందు మంట పెట్టాలో స్క్రిప్టులోనే గుర్తు వేసుకుంటారు. తాత్కాలికంగా అమర్చిన చిన్న పొయ్యిలతో దీనికి ఎదురు సమస్య: ముక్కలు వేయగానే వేడి పడిపోతుంది, చుర్రుమనే శబ్దం రాదు. కోసే పలక కింద తడిగుడ్డ పరిస్తే పలక జారదు, కత్తి చప్పుడూ తగ్గుతుంది. దీపాల వేడికి ఆకుకూర వాడిపోతుంది. కాబట్టి తడిగుడ్డలో చుట్టి ఆఖరి నిమిషంలో తెస్తారు. రుచి చూసేటప్పుడు ముద్ద చిన్నదై ఉండాలి, వెంటనే మాట్లాడాలి మరి.

‘ది ఫ్రెంచ్ చెఫ్’ మొదట్లో నలుపు తెలుపుల్లో వచ్చింది, రంగులోకి మారింది 1970లో. ఎర్రగా వేగిందని చూపించడం కుదరని ఆ ఏళ్లలో రంగును మాటల్లోనే చెప్పాల్సి వచ్చింది. రచయిత అయినందుకు జూలియాకు అది కష్టం కాలేదు.

అందరిదీ ఒకే దారి కాదు

అమెరికాలో జాతీయ నెట్‌వర్క్‌లో మొదటి వంటల కార్యక్రమం 1946లో జేమ్స్ బియర్డ్‌ది. అప్పటికే ఆయన పుస్తకాల రచయిత. బ్రిటన్‌లో డెలియా స్మిత్ 1969లో పత్రికా శీర్షికతో మొదలై, 1973 నుంచి బీబీసీలో కార్యక్రమాలు చేసింది. నైజెల్లా లాసన్ పుస్తక సమీక్షల పేజీలోనూ, రెస్టారెంట్ల సమీక్షల్లోనూ పనిచేసిన పాత్రికేయురాలు. 1998లో తొలి వంటల పుస్తకం వచ్చాకే తెరమీదికి వచ్చింది. మధుర్ జాఫ్రీ తీరు మరొకటి: ముందు నటి, 1973లో వంటల పుస్తకం, 1982లో బీబీసీ కార్యక్రమం. కెమెరా ఆమెకు కొత్త కాదు, నేర్చుకోవాల్సి వచ్చింది వంటను కాగితం మీద పెట్టడం. ముంబైలో తర్లా దలాల్ 1966లో ఇంట్లో వంట తరగతులు మొదలుపెట్టి, 1974లో తొలి పుస్తకం తెచ్చి, తర్వాత టీవీకి వెళ్లింది. 2007లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది.

జూలియాకూ తర్లా దలాల్‌కూ కాగితానికీ తెరకూ నడుమ తరగతి గది ఉంది. ఎదురుగా కూర్చున్న విద్యార్థి ముఖం ముడుచుకున్న చోట మళ్లీ చెప్పడం అక్కడే అలవాటవుతుంది. తరగతి నడపని నైజెల్లా టీచర్‌లా మాట్లాడదు, ఇంట్లో వండుకుని తినే స్నేహితురాలిలా మాట్లాడుతుంది. తాను చెఫ్‌ను కాదని ఆమే చెబుతుంది. రెండూ చెల్లుబాటయ్యే పద్ధతులే కానీ వాటి నుంచి ఆశించాల్సినవి వేరు. మొదటిదాన్ని చూసి వండవచ్చు, రెండోదాన్ని చూస్తే వండాలనిపిస్తుంది, కొలతకు మాత్రం పుస్తకం తెరవాలి.

డబ్బు, హక్కులు

టీవీలో కనబడితే డబ్బంతా అక్కడే వస్తుందని అనుకోవడం మామూలు. చాలామంది రచయితల విషయంలో తెర పని పుస్తకాన్ని అమ్మిపెట్టడం. లెక్క కోసం పుస్తకం వెల 500, రాయల్టీ పది శాతం అనుకుందాం. ప్రతికీ 50. ముందస్తుగా ఇచ్చిన అడ్వాన్సు 2 లక్షలైతే 4,000 ప్రతులు అమ్ముడయ్యేదాకా రచయితకు కొత్తగా ఏమీ రాదు. ఆ తర్వాతి ప్రతి నుంచే రాయల్టీ మొదలు. కార్యక్రమం వల్ల అమ్మకం 20,000కు చేరితే మిగిలిన 16,000 ప్రతుల మీద 8 లక్షలు. ఒక్కో ఎపిసోడ్‌కు ఇచ్చే పారితోషికం ఎంతైనా, సిద్ధం కావడానికి పట్టే రోజులతో భాగించి చూస్తే చాలాసార్లు చిన్నదే.

స్పాన్సర్ల సంగతి వేరు. బియర్డ్ కార్యక్రమం వెనక ఒక పాల ఉత్పత్తుల సంస్థ ఉండేది. వాణిజ్యేతర టీవీలో పనిచేసిన జూలియా ఏ సరుకుకూ ప్రచారం చేయనని పట్టుబట్టింది. ప్రచారం చేయడం నేరం కాదు, రచయితలు బతకాలి. కాకపోతే ‘ఈ నూనే వాడండి’ అన్న మాట వంట కోసం చెప్పిందా, డబ్బు తీసుకుని చెప్పిందా అన్నది ప్రేక్షకులకు తెలియాలి.

వంటకం ఎవరి సొత్తు అన్న తగాదా తరచూ వస్తుంది. అమెరికాలో సరుకుల జాబితాకు కాపీరైట్ లేదు. విధానాన్ని వివరించిన తీరు, రాత సొంతమైతే దానికి ఉంటుంది. మన 1957 కాపీరైట్ చట్టం కూడా ఆలోచనను కాక దాన్ని వ్యక్తం చేసిన రూపాన్నే కాపాడుతుంది. కార్యక్రమం రికార్డింగ్ సాధారణంగా నిర్మాణ సంస్థ సొత్తు. కాబట్టి అదే వంటకాలతో పుస్తకం వేసుకోవచ్చా, పాత ఎపిసోడ్ల ముక్కలు వేరేచోట వాడితే వాటా ఉంటుందా అన్నవి ఒప్పందంలో రాసి ఉండకపోతే రచయితే నష్టపోతారు.

తెర వంటను పెంచిందా, తగ్గించిందా

విమర్శకులు ఒక మాట అంటారు: వంటల కార్యక్రమాలు పెరిగే కొద్దీ జనం వండటం మాని చూడటం మొదలుపెట్టారని. ఈ వాదనలో బలముంది. పోటీలు, గడియారం, తీర్పుల చుట్టూ తిరిగే కార్యక్రమం చూసి ఎవరూ ఉప్పు కొలత నేర్చుకోలేరు. జూలియా కూడా 1993లో పేరున్న చెఫ్‌లను పిలిచి వండించే కార్యక్రమంలో అడిగేవారి స్థానంలోకి మారింది. ఇక కొలత చెప్పే బాధ్యత వచ్చిన అతిథిది.

రెండోవైపు వాదించేవారు డెలియా స్మిత్‌ను చూపిస్తారు. ఆమె మెచ్చుకున్న వస్తువు బ్రిటన్ దుకాణాల్లో ఖాళీ అయ్యేది. ‘డెలియా ఎఫెక్ట్’ అన్న మాట 2001లో కాలిన్స్ నిఘంటువులోకి ఎక్కింది. ఒక చిన్న ఆమ్లెట్ మూకుడు ఏడాదికి రెండొందలు అమ్ముడయ్యేది కాస్తా, 1998లో ఆమె చూపించాక నాలుగు నెలల్లో 90,000 పోయిందని అప్పటి వార్తలు. మూకుడు కొన్నంత మాత్రాన వండినట్టు కాదన్నది నిజమే. కానీ మూకుడు కొన్నవాళ్లలో కొందరైనా గుడ్డు పగలగొట్టి ఉంటారు.

ఆ ఏడాది కార్యక్రమంలోనే ఆమె గుడ్డు ఉడకబెట్టడం నేర్పింది. ఇది కూడా నేర్పాలా, జనం తెలివిని తక్కువ చేయడం కాదా అని కొందరు చెఫ్‌లు బాహాటంగానే విసుక్కున్నారు. హోటల్ వంటింట్లో నిలబడి చూస్తే వాళ్లకు అలా అనిపించడంలో వింత లేదు, అక్కడ గుడ్డు ఉడకబెట్టడం ఎవరూ అడగరు. డెలియా రాసింది మాత్రం పొయ్యి దగ్గర ఒంటరిగా నిలబడి, ఎప్పుడు దించాలో తెలియని మనిషికి.